కార్మిక నాయకుడి జీవితాన్ని పాటలతో సహా రికార్డు చేయడం ఎలా

నలభై ఏళ్ళు గేటు మీటింగుల్లో మాట్లాడిన మనిషి ముందు రికార్డరు పెట్టి "మీ జీవితం గురించి చెప్పండి" అంటే వచ్చేది ఉపన్యాసమే. సమ్మె ఎప్పుడు మొదలైంది, ఎన్ని డిమాండ్లు పెట్టారు, యాజమాన్యం ఎలా దిగొచ్చింది, అన్నీ వరసగా చెప్పేస్తారు. "నేను" అనే మాట వినపడదు. అంతా "మేము", "సంఘం", "కార్మికవర్గం". అందులో అబద్ధమేమీ ఉండదు. కాకపోతే చాలా భాగం కరపత్రాల్లో, మహాసభల నివేదికల్లో ఇప్పటికే అచ్చయి ఉంటుంది. వాటిలో దొరకనిది ఆ మనిషే. ఆ మనిషిని బయటికి తేవడానికి పాటను మించిన దారి లేదు. ఫలానా పాట ఎవరు నేర్పారు, మొదటిసారి ఎక్కడ విన్నారు, ఏ రోజున పాడలేకపోయారు అని అడిగితే నోట్లోంచి "మేము" దానంతటదే జారిపోతుంది.

అందుకే ఇంటర్వ్యూ అంతా అయ్యాక చివర్లో "ఒక పాట పాడండి" అని అడగడం తప్పు పద్ధతి. ముందు పాటలు ఏరుకుని, వాటి చుట్టూ జీవితం అడగాలి. బీబీసీ రేడియోలో 1942 నుంచి నడుస్తున్న ఒక కార్యక్రమం కిటుకు కూడా ఇదే. ఒంటరి దీవికి వెళ్ళాల్సి వస్తే వెంట తీసుకెళ్ళే ఎనిమిది రికార్డులు చెప్పమంటారు, వాటి మీదుగా జీవితం అడుగుతారు. సంఖ్యకు హద్దు ఉండటం వల్ల మనిషి ఆలోచిస్తాడు, కొన్ని వదులుకుంటాడు, ఎందుకు వదులుకున్నాడో చెబుతాడు. మన పనికీ ఏడెనిమిది పాటలు సరిపోతాయి. పది దాటితే పాటలు వినడమే మిగులుతుంది, మాట సాగదు.

కార్మిక నాయకుడు కదా అని ఎర్రజెండా పాటలే వస్తాయని అనుకోకండి. హైదరాబాద్ రాజ్యంలో కార్మిక సంఘాలు కట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో ప్రేమ కవిత్వం రాసినవాడు. ఆయన గజళ్ళు ఆ తర్వాత హిందీ సినిమాల్లోకీ వెళ్ళాయి. మీరు రికార్డు చేయబోయే పెద్దాయనకు ఘంటసాల పాటో, త్యాగరాజ కీర్తనో, వాళ్ళమ్మ నాట్లలో పాడిన పాటో ఇష్టం కావచ్చు. సంఘం వాళ్ళ ముందు అది చెప్పడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటం దాటించడం మీ పని.

పాటల చిట్టా

మొదటి కలయికకు రికార్డరు తీసుకెళ్ళకండి, ఒక నోటుపుస్తకం చాలు. గంటకు మించి కూర్చోకండి. "మీకు ఇష్టమైన పాట ఏది?" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు, సంఘం అధికారిక గీతం. చోటునూ సందర్భాన్నీ పట్టుకుని అడగండి:

గేటు దగ్గర జనం పోగయ్యేదాకా మైకులో ఏం పాడించేవారు? లాకప్పులో ఎవరు పాట ఎత్తుకునేవారు? నైట్‌షిఫ్టు దిగి ఇంటికొస్తే రేడియోలో ఏం మోగుతుండేది? సమ్మె ఓడిపోయి పనిలోకి తిరిగి వెళ్ళిన రోజు ఎవరైనా పాడారా? పెళ్ళిలో మీ తోటి కార్మికులు ఏం పాడారు? పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఏం పాడేవారు? సభల్లో ఎంత అడిగినా మీరు పాడని పాట ఉందా?

రేడియో ప్రశ్న వదలొద్దు. ఆకాశవాణిలో వచ్చిన కార్మికుల కార్యక్రమం, 1957లో మొదలైన వివిధభారతి, సిలోన్ రేడియో ఆ తరం చెవుల్లో ఇంకా ఉన్నాయి. కాలనీలో రేడియో ఎవరింట్లో ఉండేది, ఎవరు అరుగు మీద కూర్చుని వినేవారు అని అడిగితే క్వార్టర్ల జీవితం మొత్తం వస్తుంది.

మహిళా నాయకుల దగ్గర ఇంకో చిక్కు ఉంటుంది. బీడీ కార్మికుల సంఘంలోనో, అంగన్‌వాడీ యూనియన్‌లోనో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఆవిడ కూడా "నాదేముంది, అన్నలు చెప్పినట్టు చేశాం" అని మొదలుపెడుతుంది. ఆమెను పదవుల గురించి అడక్కుండా ఉయ్యాల పాటల గురించి, బతుకమ్మ దగ్గర ఎవరు పాట చెబితే ఎవరు అందుకునేవారో అడగండి. పాట చెప్పే మనిషే చాలా చోట్ల సంఘం కట్టిన మనిషి. నలుగురు అందుకునేలా గొంతెత్తడం ఆమె అక్కడే నేర్చుకుని ఉంటుంది.

ఇంటికొచ్చాక ఒక్కో పాటకు ఒక్కో అట్ట తయారు చేయండి. అట్ట మీద రాయాల్సినవి: పల్లవి మొదటి మాటలు, నేర్పిన మనిషి, మొదట విన్న ఊరు, ఏడాది, రాసింది ఎవరు, బాణీ ఎక్కడిది, ఏ వాయిద్యంతో పాడేవారు. రాసిందెవరో నాయకుడు చెప్పిన మాట ఒక్కటే ఆధారమైతే "చెప్పగా విన్నది" అని పక్కన రాయండి. సభల్లో తిరిగిన పాటలకు రచయిత పేరు మారిపోవడం చాలా మామూలు.

కాలపట్టిక, కాగితాలు

రెండో కలయికకు ముందే ఒక కాలపట్టిక చేతిలో ఉండాలి. ఎడమవైపు నాయకుడి జీవితం, కుడివైపు అందరికీ గుర్తుండే సంఘటనలు. 1966 నవంబరులో విశాఖ ఉక్కు ఆందోళన మీద కాల్పులు, 1969 తెలంగాణ ఉద్యమం, 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మె, 1975 జూన్‌లో ఎమర్జెన్సీ, 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1998లో సింగరేణి గుర్తింపు సంఘం (యాజమాన్యంతో చర్చలు జరిపే సంఘం) తొలి ఎన్నికలు, 2011 సకల జనుల సమ్మె. "మిమ్మల్ని సస్పెండ్ చేసింది ఏ సంవత్సరం?" అంటే తడుముకుంటారు. "ఎమర్జెన్సీకి ముందా, తర్వాతా?" అంటే వెంటనే చెబుతారు.

రెండు సమ్మెలు కలిసిపోయి ఒకటవడం జ్ఞాపకంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. మొదటి సమ్మెలో జరిగిన లాఠీచార్జి రెండో సమ్మె ఒప్పందం ముందుకు వచ్చి కూర్చుంటుంది. దీన్ని విడదీయడానికి కాగితాలు కావాలి. యూనియన్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (1926 చట్టం కింద ఇచ్చినది), మినిట్స్ పుస్తకం, సమ్మె నోటీసు, డిమాండ్ల పత్రం, ఛార్జిషీటు, డొమెస్టిక్ ఎంక్వయిరీ (యాజమాన్యం జరిపే లోపలి విచారణ) నివేదిక, ఒప్పందం కాపీ ఉన్నాయేమో అడగండి. ఒప్పందం మీద 12(3) అని ఉంటే అది లేబర్ అధికారి సమక్షంలో రాజీ చర్చల్లో కుదిరింది. 18(1) అని ఉంటే యాజమాన్యమూ సంఘమూ నేరుగా కుదుర్చుకున్నది. రెండూ 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కిందివే. ఈ తేడా తెలిసి వెళితే "చర్చల గదిలో ఎవరెవరు కూర్చున్నారు?" అని సూటిగా అడగగలరు. అప్పుడు నాయకుడు కూడా మిమ్మల్ని తెలిసిన మనిషిగా లెక్కేసి మాట్లాడతారు.

కాగితాలు ఇంటికి పట్టుకుపోకండి. అక్కడే, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా ఫొటో తీసి వెంటనే తిరిగి ఇచ్చేయండి. పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, లాగితే కాగితం చిరుగుతుంది.

పరికరాలు, గది

చేతిలో పట్టే మామూలు డిజిటల్ రికార్డరు, ఒక కాలరు మైకు, స్టాండు మీద నిలబడే మైకు ఒకటి, తీగ ఉన్న హెడ్‌ఫోన్, రెండు మెమరీ కార్డులు, అదనపు బ్యాటరీలు. ఇంతకంటే అక్కర్లేదు. ఫైలు రకం వేవ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒక్క మైకుతో గంటకు దాదాపు 520 ఎంబీ పడుతుంది, రెండు మైకులైతే ఒక జీబీకి కొంచెం పైన. 32 జీబీ కార్డు ఒకటి ఉంటే చోటు గురించి బెంగ ఉండదు.

ఫోనుతో చేయక తప్పకపోతే ఒక విషయం చూసుకోండి. ఫోనులో శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు, గొంతు స్థాయిని తనంతట తాను సర్దే ఏర్పాటు రెండూ ఆపేయాలి. అవి ఫోన్ సంభాషణ కోసం చేసినవి. డప్పు దెబ్బను అవి రొద అనుకుని నొక్కేస్తాయి. ప్రతి దెబ్బకూ గొంతు కిందికి పోయి మళ్ళీ పైకి వస్తుంది, తర్వాత దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఆ ఏర్పాట్లు ఆపే వీలున్న రికార్డింగ్ యాప్ వాడండి. ఫోనును విమానం గుర్తులో పెట్టండి. రికార్డు చేసిన ఫైలును వాట్సాప్‌లో ఆడియోగా పంపితే అది కుదించుకుపోతుంది, పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపాలి.

మాటలకు కాలరు మైకును గడ్డానికి జానెడు కిందుగా, చొక్కా అంచుకు పెట్టండి. కండువా ఉంటే తీసి పక్కన పెట్టమనండి, లేకపోతే గంట రికార్డింగులో గుడ్డ రాపిడి తప్ప ఏమీ మిగలదు. స్థాయి సరిచూసేటప్పుడు మెల్లగా మాట్లాడించి సరిపెట్టుకోవడం పెద్ద పొరపాటు. మైకు లేకుండా వెయ్యిమందికి వినిపించడం అలవాటైన గొంతు అది. రెండు నిమిషాల తర్వాత నినాదం ఇచ్చిన సంగతి చెబుతూ నినాదమే ఇస్తారు. అందుకని ముందే "గేటు దగ్గర ఇచ్చినట్టు ఒక నినాదం ఇవ్వండి" అని అడిగి, అది రికార్డరు మీటరులో మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. మామూలు మాట అప్పుడు మైనస్ 18, మైనస్ 20 దగ్గర ఉంటుంది. 24 బిట్‌లో అది చాలు, తర్వాత పెంచుకోవచ్చు. హద్దు దాటి పగిలిన శబ్దాన్ని మాత్రం తర్వాత బాగుచేయలేం. ఎంత పెద్ద గొంతునైనా పగలకుండా పట్టే 32 బిట్ ఫ్లోట్ రికార్డరైతే ఈ బాధ చాలావరకు ఉండదు.

గదిలో ఫ్యాను, ఫ్రిజ్, గోడ గడియారం ఆపండి. ఎండాకాలంలో ఫ్యాను ఆపితే పెద్దవాళ్ళు తట్టుకోలేరు కాబట్టి ఉదయం ఏడు, తొమ్మిది మధ్య పెట్టుకోండి. ఫ్రిజ్ ఆపినప్పుడు కారు తాళం దాని మీద పెడితే తిరిగి వేయడం మర్చిపోరు. మాట మొదలయ్యే ముందు ముప్పై సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. కూర్పులో (ఎడిటింగులో) అతుకులు తెలియకుండా వేయడానికి అది పనికొస్తుంది.

మాటల రోజు

జీవితం అడిగే రోజు నాయకుడు ఒక్కరే ఉండాలి. అనుచరులు చుట్టూ కూర్చుంటే ఆయన వాళ్ళకోసం మాట్లాడతారు, వాళ్ళు మధ్యలో తేదీలు అందిస్తారు. పాటల రోజు మాత్రం దీనికి పూర్తిగా తిరగబడుతుంది, అది తర్వాత చెబుతాను.

మామూలుగా "అన్నా" అని పిలిచేవారైతే రికార్డరు ముందు కూడా "అన్నా" అనే పిలవండి. "కామ్రేడ్" అంటే కామ్రేడ్, "అక్కా" అంటే అక్క. మైకు పెట్టగానే "సార్" అంటే అవతలి మనిషి కూడా గ్రాంథికంలోకి జారిపోతారు.

మిల్లుల్లో మగ్గాల మధ్య, గనుల్లో డ్రిల్లింగ్ దగ్గర పనిచేసినవాళ్ళకు చెవుడు ఉండటం సాధారణం. రొద వల్ల వచ్చే చెవుడు మొదట హెచ్చు శ్రుతులను, 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, తినేస్తుంది. అంటే గొంతు వినిపిస్తుంది గానీ స, ష, త, ప లాంటి అక్షరాలు తేడా తెలియవు. అరవడం వల్ల లాభం లేదు. బాగా వినపడే చెవి వైపు కూర్చుని, ముఖం కనపడేలా, నెమ్మదిగా, ఒక వాక్యానికి ఒక ప్రశ్న చొప్పున అడగండి.

ఉపన్యాసం మొదలైందని తెలిస్తే అడ్డు తగలకండి, ఒక చక్రం పూర్తి కానివ్వండి. అది కూడా ఆయన జీవితంలో భాగమే. ఆగగానే పాట అట్ట ఒకటి తీసి "ఇది పాడిన రోజు మీరు ఎక్కడ నిలబడ్డారు? గేటుకు ఎటువైపు? చేతిలో ఏముంది? పక్కన ఎవరు?" అని అడగండి. చోటు, చెయ్యి, పక్కమనిషి. ఈ మూడూ అడిగితే ఎంత అనుభవమున్న వక్త అయినా సభ విడిచి ఆ చోటికి వెళతాడు. తర్వాత మీరు మాట్లాడకూడదు. జవాబు ఆగినట్టు అనిపించాక మనసులో ఐదు లెక్కపెట్టండి. అసలు సంగతి చాలాసార్లు ఆ ఐదు తర్వాతే వస్తుంది.

ఒక విడతకు గంటన్నర హద్దు. గని దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులైతే నలభై నిమిషాలు చాలు. ఏడెనిమిది పాటలకు మూడు, నాలుగు విడతలు పడుతుంది.

పాత పాట వినిపించి మాట్లాడించాలనుకుంటే స్పీకరులో మోగించకండి. పాట, మాట ఒకే ఫైలులో కలిస్తే మళ్ళీ విడదీయలేరు. హెడ్‌ఫోన్ పెట్టి వినిపించండి, మైకు మాత్రం నడుస్తూనే ఉండనివ్వండి. హెడ్‌ఫోన్‌తో వింటూ ఆయన తనకు తెలియకుండానే లోగొంతుతో అందుకుంటారు. ఆ కూనిరాగం రికార్డులో చేరితే అంతకంటే విలువైనది ఇంకోటి ఉండదు. చెవి మిషన్ వాడేవాళ్ళకు దాని గుండా సంగీతం వికారంగా వినిపిస్తుంది. మిషన్ తీయించి పెద్ద హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం సున్నా నుంచి మెల్లగా పెంచుతూ ఎక్కడ బాగుందో ఆయన్నే చెప్పమనండి.

పాటల రోజు

ఇది వేరే రోజు, వేరే చోటు. ఇప్పుడు జనం కావాలి. మన పోరాట పాటలు ఒక్క గొంతుకు కట్టినవి కావు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉన్నట్టే, ఊరేగింపు పాటలో ఎత్తుకునే గొంతు ఒకటి, అందుకునే గొంతులు పది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి, షేక్ నాజర్ బుర్రకథ, జముకుల కథ, ఒగ్గుకథ ఇవన్నీ ఆ పద్ధతిని సంఘాల దాకా తెచ్చాయి. నాయకుణ్ని ఒంటరిగా కుర్చీలో కూర్చోబెట్టి పాడమంటే అందుకునేవాళ్ళు లేక పాట మధ్యలో తడబడతారు. ఆ ఖాళీ దగ్గర చరణం మర్చిపోయారని మీరు అనుకుంటారు. నిజానికి అక్కడ వంత పడాలి. సంఘంలో ఆయనతో కలిసి పాడిన ముగ్గురు, నలుగురిని పిలిపించండి.

యూనియన్ ఆఫీసు హాలు కంటే చెట్టు కింద నయం. రేకుల కప్పు, సిమెంటు గోడలు ఉన్న హాల్లో డప్పు మోత తిరిగి కొట్టి మాటలు కలిసిపోతాయి. గాలి ఉంటే మైకుకు స్పాంజి తొడుగు తప్పనిసరి. ఈ రోజు కాలరు మైకు వద్దు, పాడేటప్పుడు పిడికిలి పైకి లేస్తుంది, చొక్కా కదులుతుంది. స్టాండు మైకును నాయకుడి నోటికి ఎదురుగా రెండు అడుగుల దూరంలో, కొంచెం పక్కకు వంచి పెట్టండి. అందుకునేవాళ్ళు ఆయనకు అటూ ఇటూ అర్ధచంద్రంలో, మైకుకు ఆరడుగుల దూరంలో. డప్పు వాళ్ళందరి వెనక పది, పన్నెండు అడుగుల దూరంలో, చర్మం మైకు వైపు తిరగకుండా పక్కకు ఉండాలి. డప్పు దగ్గరుంటే ఎన్ని మీటలు తిప్పినా మాట వినపడదు. డప్పును మంట దగ్గర కాచుకోవడానికి పావుగంట ముందే సమయం ఇవ్వండి. చల్లబడేకొద్దీ చర్మం వదులై శ్రుతి దిగుతుంది, కాబట్టి రెండు, మూడు పాటలకోసారి మళ్ళీ కాచుకోనివ్వాలి.

ప్రతి పాటకూ మూడు విడతలు చేయండి.

మొదటి విడత పూర్తి పాట, ఆపకుండా. తప్పు వచ్చినా ఆపకండి. సభ అలవాటు కొద్దీ మరీ పైశ్రుతిలో ఎత్తుకుని మూడో చరణానికి గొంతు పోగొట్టుకుంటారు. అందుకని ముందు కూనిరాగం తీయించి, ఆఖరి చరణంలో ఎక్కడిదాకా పైకి వెళుతుందో చూసుకుని శ్రుతి నిర్ణయించుకోమనండి. ఊపిరి ఆడని మనిషైతే పల్లవి, ఒక్క చరణం చాలు. మిగతావి తోటివాళ్ళు పాడతారు.

రెండో విడత మాటలు మాత్రమే. పాడకుండా, ఒక్కో పాదం చదివినట్టు చెప్పించండి. ఇది విసుగ్గా ఉంటుంది గానీ మానకండి. పాటలో "కూలన్నా" అన్నారా "కూలీ అన్నా" అన్నారా అనేది ఆరు నెలల తర్వాత రాత ప్రతి రాసేటప్పుడు తేల్చలేరు.

మూడో విడత ప్రశ్నలు, అసలు పంట ఇక్కడే. "ఈ పాదం మొదటినుంచీ ఇలాగే ఉందా?" అని ఒక్కో పాదానికీ అడగండి. సంఘాల్లో పాట స్థిరంగా ఉండదు. దొర అన్నచోట మేనేజరు వస్తాడు, మేనేజరు మారితే పేరు మారుతుంది, జీతాలు నిర్ణయించే కొత్త వేజ్ బోర్డు వస్తే జీతం అంకె మారుతుంది, సంఘం చీలితే ఒక చరణమే ఎగిరిపోతుంది. ఎగిరిపోయిన చరణం ఏదో, ఎందుకో చెప్పించగలిగితే ఆ సంఘం చరిత్ర సగం మీ చేతికి వచ్చినట్టే. బాణీ గురించి కూడా అడగండి. కోలాటం వరసా, ఉయ్యాల పాటా, అప్పట్లో ఆడిన సినిమా పాట బాణీయా? సినిమా బాణీ మీద మాటలు కట్టుకోవడాన్ని నాయకులు తక్కువతనం అనుకుని దాస్తారు. జనానికి అప్పటికే నోటికి వచ్చిన వరస కాబట్టి ఒక్క పూటలో నేర్పడానికి అదే తేలిక, అందుకే వాడారు. ఆ మాట మీరే ముందు అంటే వాళ్ళూ ఒప్పుకుంటారు.

ప్రతి ఫైలు మొదట్లో తేదీ, ఊరు, పాడేవారి పేర్లు, పాట పల్లవి మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు మారిపోయినా గొంతు మిగులుతుంది.

పాత క్యాసెట్లు

నాయకుడి ఇంట్లో అటక మీద ఒక సంచిలో క్యాసెట్లు ఉంటాయి. గేటు మీటింగులవి, కళాజాతాలవి, మహాసభలవి. వెంటనే టేప్‌రికార్డరులో పెట్టకండి. ముందు క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లటి బూజు ఉంటే దాన్ని వేరే కవరులో పెట్టి నిపుణుడికి వదిలేయండి, ఆడిస్తే బూజు టేపును చదివే హెడ్‌కు అంటి మిగతా క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. బాగున్నవాటి పైఅంచున ఉన్న రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున రికార్డు మీట నొక్కినా చెరిగిపోవు. లోపల టేపును హెడ్‌కు ఆనించే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయిందేమో చూడండి. ఊడితే శబ్దం పల్చగా, దూరంగా వినిపిస్తుంది, ఇంకో క్యాసెట్ డొక్కులోకి టేపు మార్చాలి.

ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి తిప్పండి, అతుక్కున్న చుట్లు విడతాయి. హెడ్‌ను, రబ్బరు చక్రాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి ఆరనివ్వండి. పాట మసకగా వినపడితే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి, స, ష అక్షరాలు ఎక్కడ స్పష్టమవుతాయో అక్కడ ఆపండి. ఇది క్యాసెట్ క్యాసెట్‌కూ మారుతుంది. స్పీకరు ముందు మైకు పెట్టి ఎక్కించవద్దు, లైన్ అవుట్ నుంచి తీగతో కంప్యూటర్ ఆడియో పెట్టెలోకి ఇవ్వాలి. 60 నిమిషాల క్యాసెట్‌కు పక్కకు అరగంట, 90కి ముప్పావుగంట. వేగం పెంచి చేయకండి. గరగర తగ్గించే పని మూల ఫైలు మీద ఎప్పుడూ చేయకండి, కాపీ మీదే.

రాత ప్రతి

గంట మాటకు నాలుగు నుంచి ఆరు గంటల టైపు పని ఉంటుంది. పాటలుంటే ఇంకా ఎక్కువ. మాండలికాన్ని పత్రికల తెలుగులోకి మార్చకండి. సింగరేణి మనిషి "బాయికి పోయిన" అంటే "గనికి వెళ్ళాను" అని రాయడం రాత ప్రతి కాదు. తట్టా చెమ్మస్, మస్టర్, హాలర్, బదిలీ, గ్యాంగ్‌మన్, కలాసీ లాంటి మాటలు అలాగే ఉంచి, చివర ఒక పదపట్టికలో అర్థం రాయండి. ఆ అర్థం కూడా నాయకుడితోనే చెప్పించండి. నిఘంటువులో దొరికేది వేరు, ఆ బాయిలో చెల్లింది వేరు.

చెప్పిన తేదీ కాగితంలోని తేదీతో కలవకపోతే మాటను దిద్దకండి. కింద గమనిక రాయండి: "మినిట్స్ పుస్తకంలో ఈ సమావేశం మార్చి నెలలో ఉంది." మినిట్స్ పుస్తకమే తప్పు అయ్యుండొచ్చు కూడా.

హక్కులు, అనుమతులు

సంతకం రెండుసార్లు తీసుకోవాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి, అంతా విన్నాక మరోసారి. మొదటి సంతకం నాటికి ఏం చెప్పబోతారో ఆయనకే తెలియదు. ఎవరు వినొచ్చు, ఏ భాగం ఎన్నేళ్ళదాకా మూసి ఉంచాలి, ఎవరి పేర్లు తీసేయాలి, ఇవి స్పష్టంగా రాయించండి. కోర్టు కేసులు, అజ్ఞాతవాసంలో ఆశ్రయమిచ్చినవాళ్ళ పేర్లు, సంఘం డబ్బు తగాదాలు, చీలికలు, ఈ నాలుగు చోట్లా ఆగి ప్రత్యేకంగా అడగండి. బతికున్న మూడో మనిషికి హాని జరిగే మాట ఏదైనా సరే మూసిన భాగంలోకే వెళ్ళాలి.

పాట సంగతి వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట మాటల మీద, బాణీ మీద హక్కు రచయిత, స్వరకర్త బతికున్నంత కాలమూ, పోయాక 60 ఏళ్ళూ ఉంటుంది. క్యాసెట్ కంపెనీ రికార్డింగు మీద హక్కు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్ళు. పాడిన మనిషికి కూడా ప్రదర్శకుడిగా 50 ఏళ్ళ హక్కు ఉంది, కాబట్టి అందుకున్న నలుగురి సంతకాలూ కావాలి. "ముప్పై సెకన్లయితే ఎవరూ అడగరు" అనే మాట బాగా ప్రచారంలో ఉంది గానీ అలాంటి నియమం మన చట్టంలో లేదు. ఇంట్లో, సంఘంలో దాచుకోవడానికి ఇబ్బంది రాదు. నెట్‌లో పెట్టేటప్పుడు సినిమా పాటల రికార్డింగులు తీసేసి, నాయకుడు దాని గురించి చెప్పిన మాట ఉంచండి. పోరాట పాట రచయితల కుటుంబాలు అడిగితే ఇచ్చేస్తారు చాలావరకు, అడగడం మాత్రం మానకూడదు.

కూర్పు, దాచడం

వినడానికి చేసే కూర్పు ముప్పావుగంట నుంచి గంట. ఒక్కో పాట నిమిషం, నిమిషంన్నర. మాట కింద పాటను సన్నగా నడిపించే అలవాటు ఇక్కడ వద్దు. వృద్ధుడి గొంతు తడబాటు, ఊపిరి తీసుకున్న చప్పుడు ఆ సంగీతం కింద మునిగిపోతాయి. పాట పూర్తిగా పాటగా, మాట పూర్తిగా మాటగా రావాలి. శబ్ద స్థాయిని మోనో ఫైలుకు మైనస్ 19 లఫ్స్ (LUFS, చెవికి వినిపించే సగటు బిగ్గరతనం కొలత) దగ్గర ఉంచితే ఫోనులో విన్నా సరిపోతుంది.

మూల ఫైళ్ళకు మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. ఒకటి కుటుంబానికి పెన్‌డ్రైవులో, ఇంకోటి యూనియన్ ఆఫీసుకు. కానీ ఆఫీసులు చేతులు మారతాయి, సంఘాలు చీలతాయి. అందుకని ఒక ప్రతి సంస్థకు చేర్చండి. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. నోయిడాలోని వి.వి. గిరి జాతీయ కార్మిక సంస్థ భారత కార్మిక చరిత్ర పత్రాలు, రికార్డులు సేకరించి ఉంచుతోంది. ఇచ్చేటప్పుడు ఫైళ్ళు ఒక్కటే ఇస్తే పనికిరావు. పాటల అట్టలు, కాలపట్టిక, పదపట్టిక, అనుమతి పత్రాలు అన్నీ ఒకే సంచిలో పెట్టి ఇవ్వండి. మూసిన భాగం వేరే ఫైలుగా, తెరిచే సంవత్సరం పైన రాసి ఉండాలి.

కూర్పు బయటికి వెళ్ళాక ఫోన్లు వస్తాయి. "ఆ పాట మా బాయి మీద అలా పాడలేదు, రెండో చరణం వేరే" అంటారు. వాళ్ళ పాఠాన్ని కూడా అదే పద్ధతిలో మూడు విడతల్లో రికార్డు చేసి, కొత్త సంఖ్యతో పాత అట్ట వెనకే పెట్టండి. పాతదాన్ని దిద్దకండి.